తొమ్మిదో తరగతి పాపకు డ్రాయింగ్ నేర్పించాలి: తిరుపతిలో ఎట్లా, ఎక్కడ?

పద్మావతిపురం_అమ్మ

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. ఊహ తెలిసినప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం. రఫ్ నోట్సు వెనక పేజీలు, క్యాలెండర్ వెనక భాగం, పెళ్ళిపత్రికల కవర్లు, ఏదీ ఖాళీగా ఉండనివ్వదు. బడిలో డ్రాయింగ్ పీరియడ్ అని టైంటేబుల్లో రాసి ఉంటుంది గానీ ఆ గంటలో లెక్కల స్లిప్ టెస్టు పెడతారు. అందుకని ఇంటికి దగ్గర్లో ఒక క్లాసులో చేర్పించాం. అక్కడ ఫోన్లో ఒక బొమ్మ చూపించి, దాని మీద గళ్ళు కొట్టి, గడికి గడి దించమంటారు. వినాయకుడు, నెమలి, కొండల మధ్య సూర్యుడు, అన్నీ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం. చూడ్డానికి బాగానే ఉన్నాయి.

మొన్న మా మామయ్యగారు వరండాలో పేపరు చదువుకుంటుంటే "తాతయ్యను గీయవే" అన్నాను. "ఫోటో తీసివ్వమ్మా, గళ్ళు కొట్టుకుని గీస్తా" అంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే ఫోటో ఎందుకు? అప్పట్నుంచి నాకు అదే ఆలోచన.

ఈ వయసు పిల్లలకు బొమ్మలు ఎట్లా నేర్పాలి? ఏ వరసలో? వచ్చే ఏడు పదో తరగతి కాబట్టి మానిపించెయ్యమని ఇంట్లో అంటున్నారు. నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు_నాన్న

అమ్మా, వేరేగా అనుకోవద్దు. నాకూ పిలకాయలుండారు. పదో తరగతి అయ్యేదాకా ఇవన్నీ పక్కన పెట్టించల్ల. పబ్లిక్ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంటే తర్వాత ఏమన్నా నేర్చుకోవచ్చు. బొమ్మలు యాడికీ పోవు. మా కట్టమంచి పక్క ఒక పిల్లోడు బ్రహ్మాండంగా గీసేవాడు. ఇప్పుడు ఫ్లెక్సీలు కొట్టే షాపులో కూలికి పనిచేస్తా ఉండాడు. ఆ పిల్లోన్ని చూసినప్పుడల్లా నాకు బాధ.

ఊరిబడి_టీచర్

చిత్తూరు అన్నా, ఆ అబ్బాయికి బొమ్మలు రావడం వల్ల అట్లా కాలేదు. ఆ చేతితో ఏం చదవొచ్చో, ఏ పరీక్ష రాయొచ్చో పదో తరగతిలో ఒక్కరు కూడా చెప్పకపోవడం వల్ల అయింది. మా బడిలో అలాంటి పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

డ్రాయింగ్_మాస్టారు

పద్మావతిపురం అమ్మకు నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ పాపకు చెయ్యి కుదిరింది. కన్ను ఇంకా కుదరలేదు. గళ్ళలో దించేటప్పుడు పిల్ల నెమలిని చూడదు, ఒక్కో గడిలో గీత ఎటు వంగిందో చూస్తుంది. అది ఓపిక నేర్పుతుంది, కాదనను. కానీ ఫోటోలో ముందే కెమెరా మూడు కొలతల లోకాన్ని రెండు కొలతలకు దించేసి ఉంటుంది. చిత్రకళలో కష్టమైన పని అదే. ఆ పని ఫోన్ చేసిపెడితే పిల్లకు మిగిలేది నకలు రాయడమే.

క్లాసు వెతికేలోపు ఇంట్లోనే ఇది మొదలుపెట్టించండి. ఇత్తడి చెంబు ఒకటి తీసి కిటికీ పక్కన స్టూలు మీద పెట్టండి. గదిలో లైట్లు ఆర్పెయ్యండి, వెలుగు ఒక్క పక్క నుంచే పడాలి. పాపను కాస్త దూరంగా కూర్చోబెట్టి గీయమనండి. పిల్లలు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. మూతిని కోలగా గీస్తారు, అడుగును మాత్రం అడ్డగీతతో సమంగా కోసేస్తారు. చెంబు చదునుగా నిలబడుతుందని బుర్రకు తెలుసు కాబట్టి చెయ్యి బుర్ర మాట వింటుంది. కన్ను చెప్పేది వేరు. మూతి కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, అందుకే నొక్కినట్టు సన్నగా కనిపిస్తుంది. అడుగు కంటికి ఇంకా కిందుంటుంది, అందుకే దాని వంపు మూతి వంపు కంటే నిండుగా ఉంటుంది. పాపను నేల మీద కూర్చోబెట్టి, మూతి సరిగ్గా కంటి ఎత్తుకు వచ్చేలా చూడమనండి. ఆ కోల కాస్తా ఒట్టి గీత అయిపోతుంది. లేచి నిలబడి పైనుంచి చూడమంటే అదే మూతి గుండ్రమవుతుంది. ఈ మూడు బొమ్మలు పక్కపక్కన గీసిన పిల్లకు పెర్‌స్పెక్టివ్ అనే పాఠం, అంటే చూసే ఎత్తును, దూరాన్ని బట్టి వస్తువు ఎట్లా కనిపిస్తుందో చెప్పేది, సగం వచ్చేసినట్టే, ఆ పేరు చెప్పకపోయినా.

ముందు నిలువుగా సన్నటి మధ్యగీత వేయించండి. ఎడమ పొట్ట, కుడి పొట్ట దానికి సమదూరంలో ఉన్నాయో లేదో చూసుకుంటుంది. కొలతకు పెన్సిల్ చాలు. చెయ్యి మోచేయి వంచకుండా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొసను మూతి అంచుకు, బొటనవేలిని మెడ కిందికి ఆనించాలి. ఆ మెడ ఎత్తు పొట్టలో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టుకోవాలి. మోచేయి వంగితే కొలత మారిపోతుంది, అది మాత్రం గట్టిగా చెప్పండి.

తర్వాత షేడింగ్. చీకటి వైపు మొత్తం నల్లగా రుద్దేస్తారు. ఆగి చూడమనండి. చీకటి వైపు చివర, అంచుకు ఆనుకుని, సన్నగా మళ్ళీ వెలుగు కనిపిస్తుంది. అది స్టూలు చెక్క మీద పడి తిరిగొచ్చిన వెలుగు. ఆ సన్నటి వెలుగు వదిలితేనే చెంబు గుండ్రంగా తేలుతుంది. వేలితో రుద్దనివ్వద్దు. పెన్సిల్ గీతలతోనే ముదురు, లేత తేవాలి. హెచ్‌బీతో గీత, 2బీ, 4బీ, 6బీతో నీడలు. ఇంతకంటే సామాను అక్కర్లేదు.

ఒక నెల ఇదే పని. చెంబు, ఉల్లిగడ్డ, చెప్పు, మడత కుర్చీ. ఆ తర్వాత తాతయ్య.

గీతల_గోపి

మాస్టారూ, నేను ఇంటర్ సెకండియర్. మనుషుల ముఖాలు గీస్తాను కానీ ఎంత చేసినా నుదురు చిన్నదైపోతోంది. ఎందుకంటారు?

డ్రాయింగ్_మాస్టారు

కళ్ళు ఎక్కువ పైన పెడుతున్నావు నాయనా. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. జుట్టును మనం లెక్కలోకి తీసుకోం కాబట్టి అది నమ్మబుద్ధి కాదు.

గీతల_గోపి

మా తమ్ముణ్ణి గోడకు నిలబెట్టి స్కేలుతో కొలిచా సార్. నిజంగానే సగం!

కలం_కాళహస్తి

మాస్టారు చెప్పిన చెంబు పాఠం బాగుండాది. కానీ నకలు అనే మాట దగ్గర నేను ఆగినాను. మాది శ్రీకాళహస్తి, కలంకారీ ఇంట్లో పుట్టినోణ్ణి. మా దగ్గర పిలకాయలు నేర్చుకునేదే దించి. ముందు తీగలు, పూలు, అంచులు. తర్వాత చేతులు, పాదాలు, కిరీటాలు. ఆనక ముఖం. ముఖంలో కన్ను చివర. గురువు గీసిన రాముణ్ణే మళ్ళీ మళ్ళీ గీయల్ల. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని గీసే అలవాటు మాకు లేదు. అట్లని మాది కళ కాదా? జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆయన చేతిలో రామాయణం, భారతం గుడ్డ మీదికి వచ్చేది ఏ ఫోటో చూసీ కాదు, లోపల అచ్చుపడిపోయిన గీత నుంచి వచ్చేది. ఆ గీత లోపలికి పోవాలంటే దించల్సిందే.

మాస్టారు మీద గౌరవంతోనే చెప్తా ఉండా. ఇస్కూలు డ్రాయింగ్ అంటే చెంబు, కుర్చీ అని ఒకటే దారి పెట్టేస్తే మన పక్క పిలకాయలకు మన పని చిన్నదిగా కనపడతాది.

డ్రాయింగ్_మాస్టారు

మీరు ఆగడం మంచిదైంది. మీ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను, ఒక్క తేడా పెట్టి. మీ దగ్గర పిల్లవాడు దించేది బొమ్మను కాదు, గురువు చేతిని. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, ఎక్కడ కలం నొక్కారు, ఎక్కడ వదిలారు, అన్నీ పక్కన కూర్చుని చూస్తాడు. మోచేయి తగిలేంత దగ్గర్లో చూస్తాడు. ఫోన్లో బొమ్మకు చెయ్యి లేదు. అది ఎట్లా పుట్టిందో పిల్లకు తెలియదు. నేను వద్దన్నది ఆ నకలు.

నా ఉద్దేశంలో హైస్కూలు పిల్లకు రెండూ కావాలి. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడం ఒకటి, పెద్దల గీతను చేతికి ఎక్కించుకోవడం ఒకటి. తిరుపతి పిల్లలకు రెండోది బస్సెక్కితే గంటలో దొరుకుతుంది. హైదరాబాదు పిల్లలకు లేని భాగ్యం ఇది, మనం వాడుకోవడం లేదు.

కలం_కాళహస్తి

అట్లయితే సరే సార్. మనసుకు నచ్చింది.

పద్మావతిపురం అక్కా, పాపను ఒక సెలవు రోజు కాళహస్తికి తీసుకుని రాండి. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో ఇక్కడ శిక్షణ మొదలుపెట్టినందుకే ఈ పని ఈ పొద్దు దాకా నిలిచింది. చానా ఇండ్లల్లో ఇప్పటికీ పని జరగతానే ఉంటాది. అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు.

ముందు పాప కలం తయారుచేసుకోవల్ల. వెదురు పుల్ల ఒకపక్క చెక్కి మొన తీస్తాం. మొనకు పైన ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి దారంతో బిగిస్తాం. ఆ చుట్ట కసిమిలో, అంటే ఇనుముతో చేసిన మా సిరాలో ముంచితే తడి అందులో నిలబడతాది. వేళ్ళతో ఆ చుట్టను మెల్లగా నొక్కితే కొసకు దిగతాది. ఎక్కువ నొక్కితే మచ్చ, తక్కువ నొక్కితే గీత తెగిపోతాది. రబ్బరుతో చెరిపేది ఉండదు. గుడ్డ మీద మొదటి గుర్తులు చింతపుల్ల బొగ్గుతో పెట్టుకుంటాం, అది దులిపితే పోతాది. కసిమి గీత పడితే పడినట్టే. అందుకే ఈ పని నేర్చిన పిలకాయలు గీత వేసే ముందు ఆలోచిస్తారు.

ఊరిబడి_టీచర్

నేను ఫిజికల్ సైన్సు చెప్తాను. కసిమి మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి ఆమ్లం అవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. ఆ నీళ్ళు కుండలో ఉన్నప్పుడు అంత నలుపుండవు. గుడ్డ ముందే కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన దాంట్లో ముంచి ఎండబెట్టి ఉంటుంది కదా. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఇనుము, టానిన్ కలిసినచోట నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీత పాకిపోకుండా ఆపుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తారు. అప్పుడు అక్కడ ఎరుపేమీ కనిపించదు. గుడ్డ మొత్తాన్ని మంజిష్ఠ, చిరివేరు లాంటి వేర్ల రంగులో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, మిగతాచోట ఉతికితే పోతుంది.

పదో తరగతిలో ఆమ్లాలు, లవణాల పాఠం చెప్పేటప్పుడు నేను కరక్కాయ నానబెట్టిన గుడ్డ, ఇనుప నీళ్ళు తీసుకుపోతాను. పిల్లలు పుల్లతో వాళ్ళ పేరు రాస్తారు. చూస్తుండగానే అక్షరాలు నల్లబడతాయి. పరీక్షలో ఆ పాఠం ఎవరూ మరిచిపోరు. బొమ్మలు వేస్తే చదువు పోతుందనేవాళ్ళు ఒక్కసారి ఆ క్లాసులో కూర్చోవాలి.

చిత్తూరు_నాన్న

టీచర్ గారూ, మీ మాట బాగుండాది. నాకు కళ మీద కోపం లేదు. భయం, అంతే. పదో తరగతిలో బడి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిలకాయలకు ఊపిరాడదు. అందులో దీనికి యాడ టైము? రోజూ క్లాసంటే నేను ఒప్పుకోను.

నీలిమ_ఆర్కి

రోజూ క్లాసు ఎవరూ అడగడం లేదు అంకుల్. వారానికి ఒకసారి రెండు గంటలు క్లాసు, రోజూ ఒక చిన్న స్కెచ్. చిన్నదంటే అరచేతి పుస్తకంలో, అన్నం ఉడికేలోపు అయిపోయేది. నేను తిరుపతిలోనే చదివి ఆర్కిటెక్చర్‌లో చేరాను, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతిలో, ఇంటర్లో ఆ చిన్న పుస్తకమే నన్ను నిలబెట్టింది.

తర్వాత ఏం చదవొచ్చనే మాట వచ్చింది కాబట్టి ఆ దారుల గురించి నాకు తెలిసినంత రాస్తాను. తల్లిదండ్రులకు బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఒక్కటే తెలుసు, చాలామందికి అదీ తెలియదు. బీఎఫ్‌ఏకు ఇంటర్ ఏ గ్రూపైనా పరవాలేదు. నాలుగేళ్ళ కోర్సు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ లాంటి విభాగాలుంటాయి. మన రాష్ట్రంలో కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు విడిగా యూనివర్సిటీ పెట్టారు, ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష ఉంటుంది. ఆర్కిటెక్చర్ చదవాలంటే ఇంటర్లో మాథ్స్, ఫిజిక్స్ ఉండాల్సిందే. నాటా అనే ప్రవేశ పరీక్ష రాయాలి, లేదా జేఈఈ మెయిన్‌లో రెండో పేపరు. రెండింటిలోనూ డ్రాయింగ్ ఉంటుంది. డిజైన్ వైపు వెళ్ళాలంటే ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి డాట్ పరీక్ష, ఫ్యాషన్ చదువుల నిఫ్ట్‌కు వాళ్ళ పరీక్ష. మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఉంది, 2015లో మొదలైంది.

ఇక్కడ మాస్టారు చెంబు మాట గుర్తుచేస్తాను. ఈ పరీక్షల్లో దేనిలోనూ ఫోటో ఇచ్చి దించమనరు. "బస్టాండులో వాన పడుతోంది, పై అంతస్తు నుంచి చూస్తున్నట్టు గీయండి" ఇలా అడుగుతారు. గళ్ళ పద్ధతి ఒక్కటే వచ్చిన పిల్లలు అక్కడ పెన్సిల్ పట్టుకుని కూర్చుండిపోతారు. చూసి చూసి గీసినవాళ్ళకు మెదడులో బస్టాండు ఉంటుంది. ఇంటర్ అయ్యాక రెండు నెలల కోచింగ్‌తో ఇది రాదు. తొమ్మిదో తరగతే సరైన వయసు.

ఇంకో మాట. మీ పాప బడి సీబీఎస్‌ఈ అయితే పదకొండు, పన్నెండులో పెయింటింగ్‌ను సబ్జెక్టుగా తీసుకునే వీలుంది. వందలో 70 ప్రాక్టికల్‌కు, 30 థియరీకి. బడివాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి.

డ్రాయింగ్_మాస్టారు

స్టేట్ సిలబస్ వాళ్ళకూ ఒకటుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లో లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు పరీక్షలు పెడుతుంది. లోయర్‌కు ఏడో తరగతి పాసై ఉంటే చాలు. ఫ్రీహ్యాండ్, డిజైన్, పెయింటింగ్, అన్నీ క్రమంగా సాధన చేస్తే గానీ పాసవ్వరు. నా దగ్గర చదివిన పిల్లల్లో హయ్యర్ దాకా రాసి, టీటీసీ చేసి, డ్రాయింగ్ టీచర్లయినవాళ్ళున్నారు. ముఖ్యంగా ఆడపిల్లలు. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఇంట్లో నోరు మూయించవచ్చు అని ఒక పిల్ల నాతో అంది, ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం.

మాధవమాల_ఉలి

మాది ఏర్పేడు పక్క మాధవమాల. కొయ్యబొమ్మల ఊరు. ఒక మాట చేర్చాలి. పదో తరగతి అయినాక ఇంటర్ ఒకటే దారి కాదు. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాల ఉంది. పదో తరగతి పాసైతే డిప్లొమాలో చేరొచ్చు. ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, సుధై (సున్నపు గచ్చు) శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, చిత్రలేఖనం, ఏదో ఒక విభాగం ఎంచుకోవాలి. కలంకారీకి విడిగా సర్టిఫికెట్ కోర్సు ఉంది. తిరుపతిలో పుట్టి పెరిగినోళ్ళకు కూడా ఈ కాలేజీ సంగతి తెలియదు, నాకు అదే ఆశ్చర్యం.

మా ఇంట్లో ఉలి పట్టేముందు తాళమానం చెప్తారు. ముఖం పొడవు ఒక కొలత. ఆ కొలతతో మొత్తం విగ్రహం లెక్కకడతారు. అమ్మవారికి ఒక లెక్క, బాలకృష్ణునికి ఒక లెక్క. మాస్టారు పెన్సిల్ చాచి కొలవమన్నారే, మా నాన్న పుల్లను విరిచి అదే పని చేస్తారు.

పద్మావతిపురం_అమ్మ

ఇన్ని దారులున్నాయని నాకు నిజంగా తెలియదు. అందరి మాటలూ పాపకు చదివి వినిపించాను. చెంబు గీసింది. మాస్టారు చెప్పినట్టే అడుగున అడ్డగీత! కింద కూర్చోబెట్టి చూపించాక "అమ్మా, మూతి మాయమైపోయింది" అని అరిచింది. అప్పట్నుంచి ఇంట్లో గిన్నెలన్నీ కిందనుంచీ పైనుంచీ చూస్తోంది.

ఒక సందేహం. బయటికి తీసుకుపోయి గీయించాలంటే మన ఊళ్ళో ఎక్కడైతే బాగుంటుంది? ఆడపిల్ల, రోడ్డు మీద కూర్చుంటే అందరూ మూగుతారు.

జాతర_ముస్తాబు

అక్కా, మన ఊళ్ళో చోటుకేం తక్కువ? గోవిందరాజస్వామి గుడి ముందర మట్లి అనంతరాజు కట్టించిన పెద్ద గోపురం ఉంది. కానీ అది ఇప్పుడే వద్దు, ఏడంతస్తుల బొమ్మలు చూసి పిల్ల భయపడుతుంది. కపిలతీర్థంలో కోనేటి చుట్టూ స్తంభాల మంటపం ఉంది. వరసగా స్తంభాలు దూరం పోయేకొద్దీ ఎట్లా పొట్టివవుతాయో అక్కడ చూసినంత తేటగా పుస్తకంలో కనపడదు. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు గడ్డి మీద కూర్చుంటే కమానుల వరస మొత్తం కనపడుతుంది, చెట్టు నీడ కూడా ఉంది. లోపల మ్యూజియంలో విగ్రహాలున్నాయి. శుక్రవారం పోవద్దు, మూసి ఉంటుంది. జంతువులు కావాలంటే జూ పార్కు. కదిలే జంతువును గీయాలంటే గీత తొందరగా పడాలి, అది వేరే సాధన.

ఇంక మే నెలలో మన తాతయ్యగుంట గంగమ్మ జాతర. నేను ఏటా వేషం కట్టేవాణ్ణి, అందుకే చెప్తున్నా. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు పొడి, వేపమండలు. దొర వేషానికి గంధం. ఒక్కో రోజు ఊరి రంగు మారిపోతుంది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు. రంగుల పాఠం కావాలంటే ఇంతకంటే ఏముంది? మనిషి ముఖం మొత్తం ఒకే రంగైతే నీడ ఎక్కడ పడుతుందో తేటగా తెలుస్తుంది. తెల్లసుద్ద పూసిన ముఖంలో ముక్కు నీడ కూడా కొంచెం నీలంగా కనపడుతుంది పొద్దున పూట. రద్దీలో కాదు, పొద్దున్నే ముస్తాబు అయ్యేచోట ఇంటి అరుగు మీద కూర్చోబెట్టండి. అడిగి గీయండి, మొక్కుబడి కదా, అడిగితే ఎవరూ కాదనరు.

డ్రాయింగ్_మాస్టారు

ముస్తాబు తమ్ముడూ, నీలం నీడ సంగతి నువ్వు చూశావంటే నీకు చిత్రకారుడి కన్ను ఉంది. తెల్లటి ముఖం మీద ఎండ తగలని చోట ఆకాశం వెలుగు పడుతుంది, అందుకే ఆ నీలం. పిల్లలు నీడ అనగానే నల్ల రంగు కలుపుతారు. వాళ్ళకు ఇది చూపించాలి.

గీతల_గోపి

టాబ్లో గీస్తే కుదరదా మాస్టారూ? నా దగ్గర పేపరు, రంగులు కొనడానికి అస్తమానం డబ్బులుండవు. టాబ్ ఒకసారి కొంటే చాలు.

డ్రాయింగ్_మాస్టారు

టాబ్ మంచి పనిముట్టే. యానిమేషన్ వైపు పోతే అదే కావాలి. కానీ అందులో తప్పు గీతను వెనక్కి తీసుకునే బొత్తాం ఉంది. హైస్కూలు వయసులో గీత కాగితం మీద నిలిచిపోవాలి. పక్కన సరైన గీత పడాలి. రెండూ కనపడుతుంటేనే కన్ను పోల్చుకుంటుంది. పద్దెనిమిదేళ్ళు దాటాక నీ ఇష్టం.

ఊరిబడి_టీచర్

డబ్బు సంగతి గోపి అడిగాడు, మా పిల్లలదీ అదే బాధ. మా బడిలో చాలామంది ఇళ్ళు కూలి పనుల మీద నడుస్తాయి. నెల నెలా ఫీజు కట్టి క్లాసుకు పోవడం వాళ్ళకు కుదరదు. కాబట్టి బడిలోనే జరగాలి. ఆ డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం పిల్లల సొమ్ము తీసుకోవడం కిందే లెక్క అని నేను స్టాఫ్ మీటింగులోనూ అన్నాను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్లను పార్ట్ టైంగా తీసుకున్న బళ్ళున్నాయి. వాళ్ళను పరీక్ష పేపర్లు సర్దడానికి, స్టేజి బ్యానర్లు రాయడానికి వాడుతుంటారు. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో ఒక్కరు లేచి "మా పిల్లల డ్రాయింగ్ గంట ఏమైంది?" అని అడిగితే చాలా మారుతుంది. కళా ఉత్సవ్ అని బడిపిల్లలకు కళల పోటీ 2015 నుంచి జరుగుతోంది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్ళకు. విజువల్ ఆర్ట్స్ అందులో ఉంది. ఆ సర్క్యులర్ మీ బడికి వచ్చిందా అని కూడా అడగండి.

సామానుకైతే మేము ఇట్లా చేస్తున్నాం. ఆఫీసుల్లో ఒకపక్క ప్రింటు అయిన కాగితాలు అడిగి తెచ్చుకుంటాం. బొగ్గు పిల్లలే కాలుస్తారు. ఎండిన చింతపుల్లలు పెన్సిల్ మందంలో కోసి, మూత గట్టిగా ఉన్న పాత డబ్బాలో కిక్కిరిసి పెట్టి, మూతకు చిన్న బొక్క పెట్టి, పొయ్యిలో వేస్తాం. బొక్కలోంచి పొగ రావడం ఆగిపోతే తీసి, చల్లారే దాకా మూత తెరవకూడదు. ముందే తెరిస్తే గాలి తగిలి బూడిదైపోతాయి. పెద్దవాళ్ళు దగ్గరుండాలి.

చిత్తూరు_నాన్న

మా కమిటీ మీటింగులో నేనే అడగతా. మా చిన్నోడు ఎనిమిదో తరగతి, వానికి గీసేది ఇష్టం. మాస్టారూ, పదో తరగతి పబ్లిక్ ముందర రెండు నెలలు మాత్రం నిలిపేస్తే ఏమన్నా పోతాదా? నిజం చెప్పండి.

డ్రాయింగ్_మాస్టారు

క్లాసు నిలిపేయండి, ఏమీ పోదు. చిన్న పుస్తకం మాత్రం లాక్కోవద్దు. చదివి చదివి తల వేడెక్కినప్పుడు వాడే తీస్తాడు.

ఒక చిన్న సంగతి. రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే పిల్లవాడు గీస్తుంటే అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చూశాడు. చూసి ఊరుకోలేదు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివేందుకు దారి చూపించాడు. 1925లో మశూచితో పోయేనాటికి రామారావుకు ముప్పయ్యేళ్ళు కూడా లేవు. ఆంధ్ర చిత్రకళ అంటే ఈ రోజుకీ ఆయన పేరే ముందు చెప్తాం. ఆ దొర చూడకపోయి ఉంటే? నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఇదే ఆలోచించేవాణ్ణి. చివరి బెంచీలో ఎవరు గీస్తున్నారో లేచి వెళ్ళి చూసేవాణ్ణి.

పద్మావతిపురం_అమ్మ

ఇంట్లో మాట్లాడాం. ఆ గళ్ళ క్లాసు ఈ నెలాఖరుకు మానిపిస్తున్నాం. ఆదివారం పొద్దున కపిలతీర్థం, సెలవుల్లో కాళహస్తి. లోయర్ గ్రేడు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చూస్తుంటాను. పాప స్నేహితురాళ్ళు ఇద్దరు కూడా వస్తామన్నారు. మాస్టారూ, మీకు వీలైతే ఒక ఆదివారం రండి, పిల్లలకు దగ్గరుండి చూపిస్తే చాలు. ఏమేం తెచ్చుకోమంటారు?

డ్రాయింగ్_మాస్టారు

తప్పకుండా వస్తానమ్మా. అట్ట, రెండు క్లిప్పులు, నాలుగు కాగితాలు, 2బీ ఒకటి, 4బీ ఒకటి. పెన్సిల్ చాకుతో చెక్కుకుని రమ్మనండి, ములుకు పొడుగ్గా ఉండాలి. రబ్బరు ఇంట్లో పెట్టి రావాలి. మంటపంలో నీడలు ఏటవాలుగా పడేది పొద్దున్నే కాబట్టి ఏడు లోపల అక్కడుండండి. తొమ్మిది దాటితే ఎండ నెత్తి మీదికొచ్చి స్తంభాలన్నీ ఒకే రంగులో కనపడతాయి.

కలం_కాళహస్తి

ఆదివారం నేనూ వస్తా సార్. పిలకాయలకు తలా ఒక వెదురు పుల్ల చెక్కి తెస్తా.